వారానికోసారి డాక్టరు వస్తే హోమ్‌లో ఉన్న పెద్దవాళ్ళకు సరిపోతుందా?

ప్రశ్న అడిగినవారు తమ అత్తగారిని చెన్నై శివార్లలోని ఒక హోమ్‌లో చేర్పించబోతున్నారు. అక్కడ రాత్రింబవళ్ళు నర్సు ఉంటుందనీ, వారానికోసారి డాక్టరు వచ్చి చూస్తారనీ, పిలిస్తే అంబులెన్సు వస్తుందనీ చెప్పారట. ఈ మాత్రం వైద్య సదుపాయం చాలునా అని వారి సందేహం. చాలదని నేను గట్టిగా చెప్పగలను. అత్తగారు వేసుకునే ప్రతి మాత్రా ఎందుకోసమో తెలిసినవారూ, ఆమె మాట అర్థమయ్యేవారూ ఆ హోమ్‌లో ఒక్కరైనా ఉన్నారో లేదో ముందు చూడండి.

మా అమ్మది నెల్లూరు. నాలుగేళ్ళుగా పాత మహాబలిపురం రోడ్డుకు దగ్గరలో ఒక హోమ్‌లో ఉంటోంది. రెండేళ్ళ క్రితం జ్వరంతో, ఆయాసంతో ఆసుపత్రిలో నాలుగు రోజులుండి తిరిగి హోమ్‌కు వచ్చిన పది రోజులకు ఆమె మాట తడబడసాగింది. ఒకరోజు ఫోనులో నన్ను, ఎప్పుడో పోయిన మా పెద్దమ్మ పేరు పెట్టి పిలిచింది. హోమ్‌వారిని అడిగితే, ఈ వయసులో మతిమరుపు మామూలేనని నచ్చజెప్పారు.

ఆ శనివారం డాక్టరుగారు వచ్చే వేళకు నేనూ వెళ్ళాను. ఆయన మంచం పక్కన నిలబడి, ఎంతో ఆప్యాయంగానే, “మయక్కమా, పాటీ?” అని అడిగారు. తమిళంలో పాటీ అంటే అవ్వ, మయక్కమంటే కళ్ళు తిరగడం. అమ్మ చెవికి అది మైకమని వినిపించింది. తాగినవాళ్ళకు ఉండేదే మైకమని ఎరిగిన మనిషి కనుక ఆమె ముఖం చిన్నబుచ్చుకుని, “నాకెందుకుంటుంది మైకం? లేదు” అని తల అడ్డంగా ఊపింది. కళ్ళు తిరగడం లేదని నర్సు రిజిస్టరులో రాసేసుకుంది. డాక్టరుగారు పక్క గదికి కదలబోతుంటే ఆపి, అదే ప్రశ్న నేను తెలుగులో అడిగాను. “వారం నుంచీ మంచం దిగితే ఒళ్ళు తూలిపోతోందే. గోడ పట్టుకునే బాత్‌రూమ్‌కు పోతున్నా” అంది అమ్మ.

అప్పుడే రక్తపరీక్ష చేయించాము. రక్తంలోని ఉప్పు, అంటే 135 నుంచి 145 మధ్య ఉండవలసిన సోడియం, 118కి పడిపోయి ఉంది. ఆ తడబాటూ, ఆ తూలడమూ దానివల్లేనట. ఆ రాత్రే మళ్ళీ ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఒక్కసారిగా పెంచితే మెదడుకు ప్రమాదమని, గంట గంటకూ చూసుకుంటూ నెమ్మదిగా పెంచారు. మూడో రోజుకు నన్ను నా పేరుతోనే పిలిచింది.

కారణం మాత్రల డబ్బాలో దొరికింది. గది నంబరు రాసిన ఆ ప్లాస్టిక్ డబ్బాలో రబ్బరు బ్యాండు వేసి రెండు బీపీ మాత్రల అట్టలు ఉన్నాయి. పాత అట్టలో టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్త అట్టలో అదే టెల్మిసార్టాన్‌తో క్లోర్తాలిడోన్ కలిసి ఉంది. పాతది మానేసి కొత్తది వాడాలన్నది ఆసుపత్రివారి ఉద్దేశం. కంపెనీ పేర్లు వేరు, మాత్రల రంగులు వేరు కావడంతో హోమ్‌లో రోజూ ఉదయం రెండూ వేశారు. టెల్మిసార్టాన్‌తో కలిసి ఉన్న ఆ రెండూ ఒంట్లోని నీటిని మూత్రంగా లాగేసే మందులే. ఈ రకం మందు ఒక్కటైనా పెద్దవాళ్ళలో కొందరికి సోడియం తగ్గిస్తుంది; మా అమ్మకు పది రోజులు రెండు పడ్డాయి. డిశ్చార్జి కాగితంలో కొత్త మందు పేరు ఉంది కానీ, ఫలానా పాత మందు ఆపండి అన్న ఒక్క వాక్యం ఎక్కడా లేదు. ఆ వాక్యం రాయకపోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఒకే మందుకు ఇన్ని కంపెనీ పేర్లుండే మన దేశంలో, అట్ట మీద అసలు మందు పేరును కళ్ళజోడు పెట్టుకున్నా చదవలేనంత చిన్న అక్షరాలలో అచ్చువేయడం కూడా నాకు అన్యాయంగానే తోస్తుంది.

డబ్బు సంగతీ చెప్పాలి. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించేలా కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ పథకాన్ని విస్తరించింది. మంచి పనే. అయితే ఆ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కరకు వస్తుంది. హోమ్‌లో ఉండగా నెలనెలా కొనే మాత్రలకు, చేరవలసిన అవసరమే రాకుండా కాపాడగల చిన్న రక్తపరీక్షకు మన జేబులోంచే తీయాలి.

చెన్నైలో ఉన్న అదృష్టం మరొకటి ఉంది. వృద్ధుల వైద్యంలో పట్టభద్రులకు ప్రత్యేకంగా ఎం.డి. చదువు 1996లో ఇక్కడి మద్రాసు మెడికల్ కాలేజీలోనే మొదలైంది. గిండీలో వృద్ధుల కోసమే 200 పడకలతో కట్టిన ప్రభుత్వ జాతీయ కేంద్రం 2024లో ప్రారంభమైంది. మీ అత్తగారిని హోమ్‌లో చేర్చకముందే, ఆమె వేసుకునే మందులన్నీ ఒక సంచిలో పోసుకుని అలాంటి వృద్ధ వైద్య నిపుణుల దగ్గరకు ఒకసారి తీసుకెళ్ళండి. గుండెకు ఒకరు, మోకాళ్ళకు ఒకరు, నిద్రకు ఒకరు రాసిన మందులను ఒకే మనిషి ఒకే బల్ల మీద పరిచి చూడడం చాలామంది పెద్దవాళ్ళ విషయంలో ఒక్కసారి కూడా జరగదు.

హోమ్ చూడడానికి వెళ్ళినప్పుడు తోట, గుడి, భోజనాల హాలు వాళ్ళే చూపిస్తారు. మీరు మాత్రల రిజిస్టరు చూపించమని అడగండి. ఎవరు, ఏ వేళకు, ఏ మాత్ర ఇచ్చారో సంతకంతో ఉన్నదా, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున పాత జాబితా కొట్టివేసి కొత్తది రాస్తున్నారా అని చూడండి. చూపించడానికి మొహమాటపడితే అడ్వాన్సు కట్టవద్దు.

మేము అమ్మను అక్కడి నుంచి మార్చలేదు. ఆయాలు ఆమెను ప్రాణంగా చూసుకుంటారు. తూలడం, గాబరా, నీరసం, మంట, ఆయాసం వంటి మాటలను తమిళ లిపిలో రాసి, పక్కన వాటి తమిళ అర్థం రాసి, గది తలుపు వెనుక అతికించాము. కొత్తగా వచ్చిన రాత్రి నర్సు పోయిన నెల దాన్ని కూడబలుక్కుంటూ, “గాబరాగా ఉందా, పాటీ?” అని అడిగిందట. ఉందని అమ్మ చెప్పింది. చూస్తే షుగరు 62కి పడిపోయి ఉంది. వెంటనే గ్లూకోజు కలిపి తాగించి, తరువాత నాకు ఫోను చేసింది.