అద్దె ఇంటి వంటగదిలో కబోర్డుల కింద లైట్లు: గోడని ముట్టుకోకుండా నేను పెట్టిన పద్ధతి

మీరు అడిగింది ఇదీ: అద్దె ఫ్లాట్, పై కబోర్డుల కింద లైట్లు పెట్టుకోవాలి, ఓనర్ డ్రిల్లింగ్ వద్దంటున్నారు, టేపుతో అంటిస్తే పెయింట్ ఊడుతుందేమోనని టెన్షన్. మీ భయం నిజమే. మాకు ఊడింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నిజాంపేటలో మేము ఇంతకుముందు ఉన్న ఫ్లాట్‌లో వంటగది ట్యూబ్‌లైటు సరిగ్గా వీపు వెనక ఉండేది. గట్టు దగ్గర నిలబడితే మన నీడ మన చేతుల మీదే పడేది. అమ్మకి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటికి అప్పటికింకా కాలేదు. బియ్యంలో రాళ్లు ఏరాలంటే చేట పట్టుకుని బాల్కనీలోకి వెళ్లేది. సాయంత్రం ఆరు దాటితే ఇక ఆ పని మర్నాటికే. అది చూడలేక ఒక ఆదివారం ఎల్ఈడీ స్ట్రిప్ తెచ్చి, దాని వెనకున్న గమ్ముతోనే కబోర్డు కింద గోడకి అంటించేశాను. టైల్స్‌కీ కబోర్డుకీ మధ్య నాలుగు వేళ్ల పెయింట్ పట్టీ ఉంటుంది చూడండి, అక్కడ. వైరుని కూడా అంటించే క్లిప్పులతో గోడ మీదుగానే మిక్సీ ప్లగ్ పాయింట్ దాకా దించాను.

ఇల్లు ఖాళీ చేసే రోజు స్ట్రిప్ లాగితే, దాంతో పాటు పెయింటూ, కింద పుట్టీ కూడా పెచ్చులు పెచ్చులుగా వచ్చేశాయి. క్లిప్పు ఉన్న ప్రతిచోటా రూపాయి బిళ్లంత గుంట. అడ్వాన్సులో పెయింటింగ్ ఖర్చు పట్టుకున్నారు. అమ్మ మాత్రం లైటు బాగుండేదనే అంది.

ఇప్పుడున్న ఇంట్లో మళ్లీ మొదలుపెట్టే ముందు తీరిగ్గా ఆలోచించాను. లైటుకి గోడతో పనే లేదు, అది కబోర్డు అడుగున ఉండాల్సిన వస్తువు. గోడని పాడుచేసేది చాలాసార్లు వైరే. కాబట్టి లైటు కొనకముందే వైరు ఎటు వెళ్తుందో తేల్చుకోండి. మా ఇంట్లో చిమ్నీ కోసం కబోర్డుల పైన, సీలింగ్ దగ్గర ఒక ప్లగ్ పాయింట్ ఉంది. చాలా ఫ్లాట్లలో ఉంటుంది. కబోర్డు నెత్తి మీద చిన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి, అడాప్టర్ కూడా అక్కడే ఉంచాను. సన్న వైరు రెండు కబోర్డుల మధ్య సందులోంచి కిందికి దిగింది. గోడ మీద ఒక్క అంగుళం కూడా పాకలేదు. సందు లేకపోతే చిమ్నీ పక్కన కబోర్డు బయటి వైపు మూల వెంబడి దించుకోవచ్చు. అప్పుడు క్లిప్పులు కబోర్డు మైకాకి అంటుకుంటాయి, గోడకి కాదు.

రెండో పని, కబోర్డు అడుగుని చేత్తో తడిమి చూడటం. ఈ చిన్న పని ఎవరూ చెయ్యరు, కానీ అంతా దీని మీదే ఉంది. నున్నగా మైకా తగిలితే మీ అదృష్టం, మంచి టేపు చక్కగా పట్టుకుంటుంది. చాలాచోట్ల కార్పెంటర్లు కనిపించని అడుగు భాగానికి మైకా వెయ్యరు, ఉత్త ప్లైవుడ్ వదిలేస్తారు. దాని మీద ఏ టేపూ నిలవదు, వారానికే ఒక కొస వేలాడుతుంది. అలాంటప్పుడు అల్యూమినియం ప్రొఫైల్‌తో (స్ట్రిప్‌ని లోపల పెట్టి మూత వేసే సన్నటి గొట్టం లాంటి పట్టీ) వచ్చే క్లిప్పులని అరంగుళం స్క్రూలతో బిగించడమే దారి. కబోర్డు చెక్క సాధారణంగా 18 మిల్లీమీటర్లు ఉంటుంది, అరంగుళం స్క్రూ లోపలికి పొడుచుకు రాదు. కానీ కబోర్డు కూడా ఓనర్‌దే కదా, ఫోన్ చేసి ఒక మాట అడగండి. గోడకి వద్దనేవాళ్లు కూడా దీనికి ఒప్పుకోవచ్చు.

పాత ఇళ్లలో కబోర్డుల బదులు కడప బండ అరలే ఉంటాయి. మా పెద్దమ్మ వాళ్లింట్లో అంతే. బండ పైభాగం నున్నగా ఉన్నా అడుగు గరుకు, దుమ్ము రాలుతూనే ఉంటుంది. అక్కడ టేపు జోలికి వెళ్లకుండా, బండ ముందు అంచుకి చిన్న సి-క్లాంపులు బిగించి వాటికి ప్రొఫైల్ కట్టాం.

సామాను సంగతి. నేను కోఠి ట్రూప్ బజార్‌లో కొన్నాను. మీటరుకి 120 బల్బులుండే 12 వోల్టుల స్ట్రిప్ మీటరుకి దాదాపు 10 వాట్లు తీసుకుంటుంది. మాది ఎనిమిది అడుగులు, అంటే రెండున్నర మీటర్లకి కాస్త తక్కువ, సుమారు 24 వాట్లు. 2 ఆంపియర్ల అడాప్టర్ ఇచ్చేది సరిగ్గా 24 వాట్లే, రోజూ గంటల తరబడి వెలిగితే బాగా వేడెక్కుతుంది. 3 ఆంపియర్లది తీసుకోండి. దాని మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడండి. నంబరే లేని వాటికి నేనైతే ఒక్క రూపాయి కూడా పెట్టను, అది ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో కరెంటుకి తగిలించి ఉండే వస్తువు. రంగు 4000 కెల్విన్ బాగుంటుంది, మరీ పసుపూ కాదు, ఆసుపత్రి తెలుపూ కాదు. సీఆర్ఐ (వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 అని రాసి ఉన్నది దొరికితే ఇంకా మంచిది, పోపులో ఉల్లిపాయ ఎంత ఎర్రబడిందో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

ప్రొఫైల్ అనవసరపు ఖర్చు అనుకోకండి. మనవాళ్ల గట్లు ఎక్కువగా నల్ల గ్రానైట్. ఉత్త స్ట్రిప్ పెడితే అందులో బల్బుల చుక్కలన్నీ అద్దంలోలాగా వరసగా మెరిసి కళ్లలో గుచ్చుకుంటాయి. పాలరంగు మూతున్న ప్రొఫైల్ వేస్తే ఒకే మెత్తటి గీతలా కనిపిస్తుంది. పైగా నూనె జిడ్డు మూత మీదే ఆగిపోతుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు. దాన్ని గోడ వైపు కాకుండా ముందు వైపు, తలుపు అంచు వెనక దాక్కునేలా పెట్టండి. వెలుగు గట్టు మీదా చేతుల మీదా పడుతుంది, కళ్లకి కొట్టదు. స్టవ్ మీది భాగం, సింక్ మీది భాగం వదిలేయండి, వేడికీ తడికీ గమ్ము వదులైపోతుంది.

అంటించే ముందు కబోర్డు అడుగుని గిన్నెల సబ్బుతో కడిగినట్టు తుడిచి, ఆరాక మందుల షాపులో దొరికే స్పిరిట్‌తో మళ్లీ తుడవండి. నేను మొదటిసారి తుడిస్తే దూది బెల్లం రంగుకి వచ్చింది, మూడోసారికి గానీ తెల్లగా రాలేదు. స్ట్రిప్‌తో వచ్చే గమ్ముని నమ్ముకోకుండా, వీహెచ్‌బీ టేపుతో (రెండు వైపులా అంటుకునే బాగా గట్టి టేపు) ప్రొఫైల్‌ని ముందు అంటించి, ఒక్కో జానా దగ్గర అర నిమిషం గట్టిగా అదిమి పట్టుకోండి. ఆ టేపుకి పూర్తి పట్టు రావడానికి మూడు రోజులు పడుతుంది. నేను మర్నాటి దాకా ఖాళీ ప్రొఫైల్‌ని అలాగే వదిలేసి, తర్వాతే స్ట్రిప్ లోపల పెట్టి మూత వేశాను. స్ట్రిప్‌ని కత్తెర గుర్తు ఉన్నచోటే కోయాలని గుర్తుంచుకోండి.

ఇదంతా వద్దనుకుంటే అయస్కాంతంతో అంటుకునే ఛార్జింగ్ లైట్లున్నాయి. అల్మారాల్లో, స్టోర్ రూములో బాగుంటాయి. వంట గట్టుకి మాత్రం నాకు నచ్చలేదు. సెన్సార్ మీద పెడితే చేతులు కాసేపు ఆగగానే ఆరిపోతాయి, నిరంతరం వెలిగిస్తే ఛార్జింగ్ గోల.

తీసేటప్పుడు లాగొద్దు. హెయిర్ డ్రైయర్‌తో రెండు నిమిషాలు వేడి చేసి, గట్టి నైలాన్ దారాన్ని టేపు వెనక రంపంలా ఆడిస్తే మెల్లగా విడిపోతుంది. మిగిలిన గమ్ముకి కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తుడవండి. పోయిన నెల ఒక ముక్క చోటు మార్చాల్సి వచ్చి ఇలాగే తీశాను, మైకా మీద మచ్చ లేదు. అమ్మ చేట ఇప్పుడు గట్టు మీదే ఉంటోంది, రాత్రి ఎనిమిదింటికి కూడా.

మీ కబోర్డు అడుగు తడిమి చూసి మైకానా, ఉత్త ప్లైవుడ్డా రాయండి. పైన ప్లగ్ పాయింట్ ఉందో లేదో కూడా చెప్తే వైరు ఎటు దించాలో చూద్దాం.