ఏడు ఫంక్షన్లలో ఆరు తీసెయ్

అమ్మాయీ,

నీ ప్రతిపాదన రాత్రి ఒకసారి, పొద్దున లేచాక ఇంకోసారి చదివాను. కోడ్ శుభ్రంగా ఉంది. నీ వయసులో నేను రాసిన టెస్టులకంటే నీవి చాలా నయం. అయినా దీన్ని ఇలాగే పంపితే తిరిగొస్తుంది. స్ట్రింగుల కోసం, అంటే అక్షరాల వరుసల కోసం, ఏడు కొత్త ఫంక్షన్లు భాషతో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో పెట్టమని అడిగావు. ఏడింటినీ ఒకే మూట కడితే, చదివేవాళ్లు వాటిలో మరీ పసలేనిదాన్ని పట్టుకుని మూట మొత్తాన్ని పక్కన పడేస్తారు. ఆరు తీసెయ్. ఏది మిగలాలో కిందకొచ్చాక చెప్తాను. ఈలోపు నీ మొదటి పేజీ సంగతి చూద్దాం.

ఆ పేజీలో ‘సౌకర్యం’ అన్న మాట తొమ్మిదిసార్లు వాడావు. లెక్కపెట్టాను. ఎవరి ఫంక్షన్ వాళ్లకి సౌకర్యమే. అలాంటివి చదివీ చదివీ విసిగిపోయిన మెయింటెయినర్‌కి, అంటే ఆ లైబ్రరీని చూసుకునేవాళ్లకి, ఆ మాట చెవికెక్కదు. జనం ఎక్కడ తప్పు చేస్తున్నారు, ఆ తప్పు ఎందుకు పైకి కనబడటం లేదు అన్నది చూపించావంటే మాత్రం ఆగి చదువుతారు.

పైథాన్‌లో జరిగిన సంగతి ఒకటి చూడు. స్ట్రింగ్ మొదట్లో ఉన్న ముక్కని తీసేయడానికి చాలామంది ఎల్‌స్ట్రిప్ వాడేవారు. ఫైల్ పేరు ‘పాత_కథ’ అనుకో. ఎల్‌స్ట్రిప్‌కి ‘పాత_’ ఇస్తే ‘కథ’ వస్తుంది. బాగానే ఉందని కోడ్ లోపలికి పంపేస్తారు. కొన్నాళ్లకి ‘పాత_పాట’ అనే ఫైల్ వస్తుంది. ‘పాట’ రావాలి కదా, వచ్చేది ‘ట’ ఒక్కటే. ఎందుకంటే ఎల్‌స్ట్రిప్ నువ్విచ్చిన ‘పాత_’ని ఒక మాటగా చూడదు. ప, దాని దీర్ఘం, త, అండర్‌స్కోర్, ఈ నాలుగింట్లో ఏది కనబడినా ఎడమవైపు నుంచి కొరుక్కుంటూ పోతుంది. ‘పాట’లోని ‘పా’ కూడా ఆ నోట్లో పడింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

పెప్ 616 అనే ప్రతిపాదన ఈ గోతినే చూపించింది. ఎంతమంది ఇందులో పడ్డారో, ఎల్‌స్ట్రిప్‌లోనే బగ్ ఉందనుకుని ఎన్నిసార్లు ఫిర్యాదులు వచ్చాయో ముందు పెట్టింది. 2020లో వచ్చిన 3.9 వెర్షన్‌లో మొదటి ముక్కని తీసే రిమూవ్‌ప్రిఫిక్స్, చివరి ముక్కని తీసే రిమూవ్‌సఫిక్స్ చేరాయి. వాటిలో ఒక్కోదాని పని నాలుగు లైన్లలో ఎవరైనా రాసుకోగలరు. నాలుగు లైన్ల ఫంక్షన్‌కి అంత పత్రం ఎందుకని నీకనిపించవచ్చు. నాలుగు లైన్లే కాబట్టే అంత పత్రం కావాల్సి వచ్చింది; ‘ఎవరికి వాళ్లు రాసుకోవచ్చుగా’ అనే మాటకి జవాబు అందులో ఉండాలి.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని కోడ్ రాయడం కాదు. బయట అందరికీ కనబడే ప్రాజెక్టుల్లోకి వెళ్లి, నీ ఫంక్షన్ చేసే పనినే జనం చేత్తో రాసుకున్న చోట్లు వెతుకు. ఓ ఇరవై దొరికితే చాలు. అందులో ఎన్ని తప్పుగా రాశారో ఒక్కొక్కటీ విప్పి చూడు. అన్నీ సరిగ్గానే రాసి ఉంటే ఆ ఫంక్షన్ అవసరం లేదన్నమాట. నాకూ ఒకసారి అలాగే అయింది, రెండు నెలల పని చెత్తబుట్టలో వేశాను. నొప్పిగానే ఉంటుంది.

మెయింటెయినర్లు ఇంత బిగుసుకుని ఎందుకు కూర్చుంటారో కూడా తెలుసుకో, లేకపోతే మనుషుల మీద కోపం వస్తుంది. స్టాండర్డ్ లైబ్రరీలోకి వచ్చినది బయటికి పోవడం మహా కష్టం. సీ భాషలో గెట్స్ అనే ఫంక్షన్ ఉండేది. వచ్చే లైన్ ఎంత పొడుగున్నా బఫర్‌లోకి, అంటే దానికని కేటాయించిన మెమరీలోకి తోసేస్తుంది, బఫర్ సైజు దానికి చెప్పే దారే లేదు. 1988లో ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ అనే పురుగు ప్రోగ్రామ్ మెషీన్ల లోపలికి దూరిన దారుల్లో అదొకటి. అంత జరిగాక కూడా సీ ప్రమాణంలోంచి దాన్ని తీసేసింది 2011లో. పైథాన్ వాళ్లు పెప్ 594 కింద ఎవరూ పెద్దగా వాడని 19 మాడ్యూళ్లని 2024 అక్టోబర్‌లో 3.13తో వదిలించుకున్నారు. సీజీఐ, టెల్‌నెట్‌లిబ్ లాంటివి. దానికి కూడా ముందు కొన్నేళ్లు వార్నింగులు ఇస్తూ రావాల్సి వచ్చింది. ఒప్పుకునేటప్పుడు పట్టే సమయం మరీ ఎక్కువైపోవడమూ ఉంది, అది కూడా చెప్పాలి. స్ట్రింగ్‌ని హద్దు దాటకుండా కాపీ చేసే ఎస్‌టీఆర్‌ఎల్‌కాపీ 1998లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో పుట్టింది. లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ దాన్ని 2023లో, 2.38 వెర్షన్‌లో చేర్చుకుంది. ఇరవై అయిదేళ్లు! నా దృష్టిలో అది జాగ్రత్త కాదు, మొండితనం. కానీ నీ ప్రతిపాదన చదివేవాళ్లలో ఆ మొండితనం ఉన్నవాళ్లూ ఉంటారనుకునే రాయి.

పేర్ల సంగతి. నువ్వు రెండు ఫంక్షన్లకి పెట్టిన పేర్లు అందంగా ఉన్నాయి, అదే భయం. అందమైన పేరు నీకంటే ముందే ఇంకెవరికో తట్టి ఉంటుంది. జావాస్క్రిప్ట్‌లో లోపలి జాబితాల్ని విప్పి ఒకే జాబితా చేసే ఫంక్షన్‌కి ఫ్లాటెన్ అని పేరు పెట్టబోయారు. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అదే పేరుతో తన ఫంక్షన్‌ని జాబితాలకి ఎప్పుడో తగిలించేసుకుంది. ఆ పేరు భాషలోకి సొంతంగా వస్తే, మూటూల్స్ దాని మీద తనది రాసుకున్నా, లూప్ తిప్పి తన వేరే వస్తువులకి కాపీ చేసుకునేటప్పుడు అది కనబడదు. భాష సొంత ఫంక్షన్లు ఆ రకం లూప్‌లో దొరకవు మరి. దాంతో పాత వెబ్‌సైట్లు విరిగాయి. 2018లో దాని మీద పెద్ద గొడవే నడిచింది, స్మూష్ అని పెడదామని ఒకరు సరదాకి అంటే అది నిజమనుకుని జనం తిట్టుకున్నారు. చివరికి ఫ్లాట్ అని పెట్టారు. జాబితాలో ఒకటి ఉందా లేదా అని చెప్పే ఫంక్షన్ కూడా కంటెయిన్స్ కావాల్సింది, అదే లైబ్రరీ దెబ్బకి ఇన్‌క్లూడ్స్ అయింది. నువ్వు అనుకున్న పేర్లు బయటి కోడ్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఆ ఫలితం పత్రంలో రాయి.

పారామీటర్ల దగ్గర, అంటే ఫంక్షన్‌కి మనం ఇచ్చే విలువల దగ్గర, నా సొంత గాయం ఒకటుంది. చాలా ఏళ్ల కిందట పనిచేసిన చోట, అన్ని టీములూ వాడే లైబ్రరీలో జాబితాని ముక్కలు చేసే ఫంక్షన్ ఒకటి పెట్టాను. దానికి ఇవ్వాల్సినవి జాబితా, ముక్క సైజు, చివర ఒక ట్రూ లేదా ఫాల్స్. పది రికార్డుల్ని మూడేసి చొప్పున విడదీస్తే ఒకటి మిగిలిపోతుంది కదా. దాన్ని ఏం చేయాలో ఆ మూడోది చెప్తుంది. నా మనసులో ట్రూ అంటే ‘మిగిలింది వదిలెయ్’. పక్క టీములో ఒకాయన ట్రూ అంటే ‘మిగిలింది ఉంచు’ అనుకున్నాడు. కోడ్ చదివితే కనబడేది ఉత్త ట్రూ. మూడు వారాలు, రోజూ రాత్రి నడిచే జాబ్‌లో చివరి రికార్డులు చప్పుడు లేకుండా మాయమయ్యాయి. డాక్యుమెంటేషన్ చదవలేదని ఆయనతో వాదనకి కూడా దిగాను, అప్పటికి నా తెలివి అంత. మారుద్దామంటే అప్పటికే నలభై చోట్ల వాడేస్తున్నారు. నేను అక్కడ మానేసే రోజుకి కూడా ఆ ట్రూ అలాగే ఉంది.

ఇదే పని చేసే బ్యాచ్‌డ్ పైథాన్‌లోకి 2023లో, 3.12తో వచ్చింది. అంతకుముందు ఆ పని కోడ్ డాక్యుమెంటేషన్‌లో రెసిపీగా ఉండేది, కావలసినవాళ్లు కాపీ చేసుకునేవారు. తర్వాతి వెర్షన్‌లో స్ట్రిక్ట్ అనే పారామీటర్ చేర్చారు. చివరి ముక్క పొట్టిగా ఉంటే ఎర్రర్ ఇవ్వమని చెప్పడానికి. దాన్ని పేరు రాయకుండా ఉత్త ట్రూగా ఇస్తే ఒప్పుకోదు. అది చదివిన రోజు కాసేపు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుండిపోయాను. నీ నాలుగో ఫంక్షన్‌లో రెండు ట్రూలు పక్కపక్కనే ఉన్నాయి. ఆ ఫంక్షన్ ఎలాగూ పోతోంది కాబట్టి దాని గురించి ఇంకేమీ అనను.

ఇక స్ట్రింగ్‌ని తిరగేసే నీ రెండో ఫంక్షన్. ‘తెలుగు’ ఇచ్చి చూశావా? నేను చూశాను. ‘తె’ అంటే మెషీన్‌కి త, ఎత్వం అని రెండు. ‘లు’, ‘గు’ కూడా అంతే. మొత్తం ఆరు. వాటిని వెనక నుంచి పేర్చితే మొదట్లో దిక్కులేని కొమ్ము ఒకటి నిలబడుతుంది, దాని తర్వాత ‘గులెత’. టెస్టులన్నీ ఇంగ్లీషు మాటలతోనే రాశావు, తెలుగులో ఆలోచించే పిల్లవి! సరిచేసినా సరే, తిరగేసిన స్ట్రింగ్ ఇంటర్వ్యూ ప్రశ్నల్లో తప్ప నిజం పనిలో ఎవరికి కావాలి?

కానీ దాన్ని సరిచేయడానికి పనికొచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి నీ మూటలోనే దాగి ఉంది చూడు, స్ట్రింగ్‌ని మనిషి కంటికి కనబడే అక్షరాలుగా విడదీసేది. ఏడింట్లో ఆరోదానిగా, ఎవరికీ పట్టనట్టు పెట్టావు. మిగలాల్సింది అదే. పేరు పెట్టెలో ఇన్ని అక్షరాలే పట్టాలని హద్దు పెట్టేవాళ్లు, మెసేజ్ చివర కత్తిరించి మూడు చుక్కలు పెట్టేవాళ్లు, కర్సర్ జరిపేవాళ్లు అందరూ తప్పు చేసేది అక్కడే, ఇంగ్లీషులో పరీక్షించినంతసేపూ అది కనబడదు. స్విఫ్ట్ భాషలో ‘తెలుగు’ ఎన్ని అక్షరాలంటే 3 అంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ విడదీసే పనికి సెగ్మెంటర్ అని వేరే వస్తువు ఉంది. అంటే ముందు నడిచినవాళ్లున్నారు, వాళ్లేం నిర్ణయించారో పక్కపక్కన పెట్టి చూపించు.

అయితే ఒక మెలిక ఉంది, నీ పత్రంలో దాని ఊసే లేదు. ‘అక్షరం’ అనే మాటనే తీసుకో. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్‌లో నంబర్లిచ్చే యూనికోడ్ ప్రమాణం పాత నియమం ప్రకారం అది అ, క్, ష, రం అని నాలుగు ముక్కలు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 15.1లో ఒత్తుల్ని విడగొట్టకూడదనే నియమం తెలుగుతో సహా కొన్ని లిపులకి చేరింది. అప్పట్నుంచి అ, క్ష, రం అని మూడే. నీ ఫంక్షన్ ఒకే మాటకి పాత మెషీన్‌లో 4, కొత్త మెషీన్‌లో 3 చెప్తుంది. ఆ సంఖ్యని డేటాబేస్‌లో దాచుకున్నవాడి గతేమిటి? యూనికోడ్ వెర్షన్ ఏదో అడిగి తెలుసుకునే దారి ఇవ్వాలా, ఫలితం మారవచ్చని డాక్యుమెంటేషన్‌లో మొదటి లైన్‌లోనే రాయాలా? నేనైతే రెండూ చేస్తాను. స్ట్రింగ్ మీద మెథడ్‌గా కూడా పెట్టను, యూనికోడ్ పట్టికలు ఇప్పటికే ఉన్న మాడ్యూల్‌లో పెడతాను. ఆ పట్టికలు వెర్షన్‌తో మారతాయని అక్కడికొచ్చేవాళ్లకి ముందే తెలుసు. నువ్వు నాతో ఒప్పుకోనక్కర్లేదు, కానీ ఏదో ఒకటి తేల్చి, ఎందుకో రాయి.

అలా తేల్చి వదిలేసినవన్నీ ‘తిరస్కరించిన ఆలోచనలు’ అనే విభాగంలో పెట్టు. పైథాన్ వాళ్ల ప్రతిపాదనల్లో అది మామూలుగా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందు ఆ పేజీకే వెళ్తారు. వాళ్లకి తట్టిన అభ్యంతరం నువ్వు ముందే రాసి జవాబిచ్చి ఉంటే సగం పని అక్కడే అయిపోతుంది.

తొందరపడకుండా దీన్ని ముందు బయట ప్యాకేజీగా వదులు. ఓ ఏడాది తిరగనీ. సీ ప్లస్ ప్లస్‌లో మెమరీని చూసుకునే షేర్డ్ పాయింటర్ బూస్ట్ అనే బయటి లైబ్రరీలో పెరిగి, టీఆర్1 అనే నివేదిక గుండా వచ్చి 2011 ప్రమాణంలో కుదురుకుంది. అంతకుముందు 1998లోనే నేరుగా ప్రమాణంలో ఉన్న ఆటో పాయింటర్ కాపీ చేసినట్టు చేసి, మెమరీ మీద యాజమాన్యాన్ని అసలుదాని నుంచి లాక్కునేది. దాన్ని 2017లో తీసేశారు. గో భాషలో స్లైసెస్, మ్యాప్స్ అనే ప్యాకేజీలు ముందు ప్రయోగాల ప్యాకేజీలో ఉండి, 2023లో 1.21తో లోపలికొచ్చాయి. టామ్ల్ అనే సెట్టింగుల ఫైళ్ల కోసం పైథాన్‌లో ఉన్న టామ్‌లిబ్ కూడా టామ్లీ అనే బయటి ప్యాకేజీ నుంచి వచ్చిందే, అదీ చదవడం వరకే. రాసే భాగం వదిలేశారు. చిన్నదిగా అడిగితే దొరుకుతుంది అనడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

ఎవరైనా ‘ఇది అవసరం లేదు’ అని ఒక్క ముక్కలో రాస్తే, ఆ రోజు జవాబివ్వకు. మర్నాడు ఇవ్వు, రెండు ఉదాహరణలతో. అంతే.

పేరు ఏం పెడతావో తేల్చుకో. ఇప్పుడున్న పేరులో ‘క్యారెక్టర్’ అన్న మాట ఉంది, ఆ మాట ఇప్పటికే మూడు అర్థాల్లో నలుగుతోంది. ‘అక్షరం’తో పాటు ‘శ్రీ’, ‘స్త్రీ’ కూడా టెస్టుల్లో చేర్చి, ఏ వెర్షన్‌లో ఎన్ని వస్తున్నాయో పట్టిక నాకు పంపు.

నీ గురువు