ఆ పేరు నన్నే ఎత్తిపొడుస్తున్నట్టుంది

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ముస్లింలమే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పాపకు నాలుగో నెల నడుస్తోంది, ఇంకా పేరు ఖాయం కాలేదు. అందరూ ‘బంగారూ’ అని పిలుస్తున్నారు. మా ఆయన్ను చిన్నప్పుడు పెంచింది వాళ్ల అవ్వ, అంటే మా అత్తమ్మ వాళ్ల అమ్మ. ఆమె పేరు ఫాతిమాబీ. పోయిన ఏడాది చనిపోయింది. పాపకు ఆ పేరే పెట్టాలని అత్తమ్మ పట్టు. నాకేమో ఇనాయా అని పెట్టుకోవాలని ఉంది. ఫాతిమా పాతకాలం పేరు, బడిలో క్లాసుకు నలుగురుంటారు. అసలు బాధ అది కాదు. నాకు పాలు సరిగా పడలేదు, రెండో నెల నుంచి డబ్బాపాలు కలుపుతున్నాం. ఒకరోజు చుట్టాల ముందు అత్తమ్మ ‘ఈ కాలం ఆడపిల్లలకు బిడ్డకిచ్చే పాలు కూడా కరువే’ అంది. ఆ రాత్రే ఫాతిమా అంటే ఏంటని నెట్‌లో చూస్తే ‘తల్లిపాలు మాన్పించిన పిల్ల’ అని వచ్చింది. అప్పటి నుంచి ఆ పేరు వింటే ఏడుపొస్తోంది. మా ఆయన ‘అత్తాకోడళ్లు మీరే తేల్చుకోండి’ అంటాడు. నేనే అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

జవాబు: ముందు ఆ అర్థం సంగతి చూద్దామమ్మా. మీకు నెట్‌లో దొరికింది సగమే.

ఫాతిమా అన్న మాట అరబ్బీలో ఫ-త-మ అనే ధాతువు నుంచి వచ్చింది. బిడ్డ చేత పాలు మాన్పించడం అని దాని అర్థం. పాలు మానిన బిడ్డను చెప్పడానికి వాళ్లకు ఫతీమ్ అని వేరే మాట ఉంది. ఫాతిమా రూపం అది కాదు. ఖాదిం అంటే సేవ చేసేవాడు, కాతిబ్ అంటే రాసేవాడు అని మీరు వినే ఉంటారు. అదే అచ్చులో పోసిన ఆడమాట ఫాతిమా. రూపాన్ని బట్టి చూస్తే అది పాలు మాన్పించే తల్లిని చెప్పే మాట, అంటే బిడ్డను ఆ ఈడు దాకా గట్టెక్కించిన మనిషిని. చెడు నుంచి దూరంగా ఉంచబడినది అని మతపరంగా చెప్పుకునే అర్థం కూడా ఉంది.

పాలు మాన్పించడం మనకిప్పుడు ఒక చిన్న తతంగం. వేపాకు నూరి రాస్తాం, రెండు రాత్రులు ఏడిపిస్తాం, అయిపోతుంది. పుట్టిన పిల్లలు దక్కడమే గగనమైన కాలంలో అలా కాదు. పాలు మానే దాకా బతికిన బిడ్డ గండం గడిచిన బిడ్డ. ఇబ్రాహీం తన కొడుకు ఇస్‌హాక్ పాలు మానిన రోజున పెద్ద విందు చేశాడని బైబిల్లో ఆదికాండం చెబుతుంది. మన పల్లెల్లో పిల్లలు నిలవని ఇంట పెంటయ్య, పుల్లమ్మ అని పేర్లు పెట్టుకున్నదీ ఆ భయంతోనే. పెంటమ్మ అన్న పేరుకు అర్థం వెతుక్కుంటే ఆ పిల్లకూ మీకొచ్చినట్టే ఏడుపొస్తుంది. ఆ పేరు పెట్టిన తల్లి కళ్లలో ఏముందో నిఘంటువులో దొరకదు కదా.

నిజానికి ఫాతిమా అని పెట్టేవాళ్లెవరూ పాలను తలుచుకుని పెట్టరు. ప్రవక్త కూతురిని తలుచుకుని పెడతారు. ప్రవక్త భార్య ఖదీజాకు పుట్టిన బిడ్డ, అలీ భార్య, హసన్ హుసేన్‌ల తల్లి. తండ్రి పోయిన కొద్ది నెలలకే, 632లో, ఆమె కూడా పోయింది. ప్రవక్త నాన్నమ్మ పేరూ ఫాతిమానే, ఖదీజా తల్లి పేరూ ఫాతిమానే. పెద్దవాళ్ల పేరు మళ్లీ పసిపిల్లకు రావడం మీ అత్తమ్మ కొత్తగా పుట్టించిన పేచీ కాదన్నమాట! ప్రవక్త కూతురి పేరు చెప్పుకుని 909లో ఫాతిమీ వంశం ఉత్తర ఆఫ్రికాలో రాజ్యమే పెట్టింది. టర్కీలో ఆ పేరు ఫాత్మా, ఇరాన్‌లో ఫాతెమె, సెనెగల్ వైపు ఫాతూ. హైదరాబాదులో మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి ఏనుగు మీద ఊరేగే పీరు, బీబీ కా ఆలం, ఆ తల్లి పేరు మీదే. పోర్చుగల్‌లో ఫాతిమా అనే ఊళ్లో 1917లో మేరీమాత కనిపించిందని క్రైస్తవులు నమ్ముతారు. ఆ దారిన కాజీపేటలో ఫాతిమా మాత చర్చి వచ్చింది, చుట్టూ ఉన్న పేట ఫాతిమానగర్ అయింది. 1989లో సుప్రీంకోర్టులో మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి అయిన ఆమె ఫాతిమా బీవీ. పాతకాలం పేరంటారా, నిజమే. క్లాసుకు నలుగురుంటారన్నదీ నిజమే. అయితే చెప్పనీయండి, ఇనాయా కూడా ఈ మధ్య చాలా ఇళ్లలో వినిపిస్తోంది. మీ పాప బడికెళ్లే నాటికి ఇద్దరు ముగ్గురు ఇనాయాలు పక్క బెంచీల్లోనే ఉంటారు.

ఇదంతా చెప్పింది మిమ్మల్ని ఆ పేరుకు ఒప్పించడానికి కాదు. పేరు మిమ్మల్ని ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచింది మీ అత్తమ్మ. ఆమె మాట తగిలిన రాత్రే మీరు అర్థం వెతికారు, కోపం పేరు మీదికి మళ్లింది. పేరుతో పోట్లాడటం అత్తతో పోట్లాడటం కన్నా తేలిక మరి.

పాల మాటకొద్దాం. పోతపాలు కలపడం మీరు చేసిన తప్పేమీ కాదు. బిడ్డ పట్టు సరిగా కుదరకపోయినా, థైరాయిడ్ తేడా ఉన్నా, కాన్పులో రక్తం బాగా పోయినా పాలు తగ్గుతాయి. వీటిలో కొన్ని ఇప్పుడైనా సరిచేసుకోవచ్చు, డాక్టర్‌కు చూపించుకోండి. ఉన్నన్ని పాలు ఇస్తూనే ఉండండి. పాప బరువు పెరుగుతుంటే, రోజుకు ఐదారుసార్లు ఉచ్చ పోస్తుంటే ఆమె కడుపు నిండుతున్నట్టే. మీ ఇంట్లో ధర్మం గురించి మాట వస్తే ఖురాన్ రెండో సూరాలో, అంటే రెండో అధ్యాయంలో, 233వ ఆయత్ (వాక్యం) చదివి వినిపించండి. పాలివ్వడానికి రెండేళ్లు పూర్తి గడువు అని చెప్పిన ఆ ఆయత్‌లోనే, తల్లీ తండ్రీ ఇద్దరూ మాట్లాడుకుని ఇష్టపడి ముందే మాన్పిస్తే దోషం లేదని ఉంది, బిడ్డకు వేరే వాళ్ల చేత పాలిప్పించినా దోషం లేదని ఉంది. ప్రవక్తకే పాలిచ్చి పెంచింది హలీమా, కన్నతల్లి కాదు.

‘ఇద్దరూ మాట్లాడుకుని’ అన్న మాట మీ ఆయనకు ప్రత్యేకంగా వినిపించండి. ఆయన పక్కకు తప్పుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చలేదు. పాప మీ ఇద్దరి బిడ్డ, అవ్వ ఆయన అవ్వ, చుట్టాల ముందు మాటపడింది ఆయన భార్య. ఇందులో ‘మీరే తేల్చుకోండి’ అనడానికి ఆయనకు చోటెక్కడుంది? ఆయన చేయాల్సింది పెద్ద పంచాయితీ ఏమీ కాదు. వాళ్లమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు ‘అమ్మా, ఆ పొద్దు నువ్వన్న మాటకు ఆమె చాలా బాధపడింది, పాల విషయం ఇంక ఎత్తొద్దు’ అని చెప్పాలి. అది మీరు చెబితే జగడం, కొడుకు చెబితే మాట.

మీ వైపు నుంచి చేయదగ్గది కూడా ఒకటుంది. అత్తమ్మను వాళ్లమ్మ గురించి అడగండి. పేరు సంగతి ఎత్తకుండా ఊరికే అడగండి. ఫాతిమాబీ ఎంతమందిని కన్నది, ఎంతమంది దక్కారు, మనవణ్ణి తన దగ్గర ఎందుకు పెంచుకుంది? తల్లి పోయి ఏడాదే అయిన మనిషి ఆమె. పేరు మీద ఆ పట్టు ఎందుకో బహుశా మీకే తెలుస్తుంది. ఆ కబుర్ల మధ్య, మీ నోటితోనే, ఆ రోజు మాట ఎంత గుచ్చుకుందో కూడా చెప్పగలరు.

పేరు ఆ తర్వాత. తొందరేమీ లేదు. పుట్టిన ఇరవై ఒక్క రోజుల్లోపు జననం నమోదు అయి ఉంటే చాలు. అందులో పేరు గడి ఖాళీగా ఉన్నా, నమోదైన ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు రాయించుకోవచ్చు. ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా వీలుంది. ఏడో రోజు అకీకా (బిడ్డ పుట్టినందుకు చేసే వేడుక) నాడే పెట్టి ఉండాల్సిందని ఎవరైనా సణిగితే సణగనివ్వండి.

‘ఇనాయా ఫాతిమా’ అని రెండూ కలిపి పెట్టే దారి ఉందని మీకూ తెలుసు. మనవైపు ఆయేషా ఫాతిమాలు, సనా ఫాతిమాలు కావలసినంత మంది. ఇనాయా అంటే శ్రద్ధగా చూసుకోవడం. పక్కన పాలు మాన్పించే తల్లి. రెండు అర్థాలూ ఒకదానికొకటి బాగానే కుదురుతాయి. అయినా అత్తమ్మ నోరు మూయించడానికి మాత్రం అలా పెట్టకండి. ఆ పేరు మీ నోట ఏడుపు లేకుండా పలుకుతుందనుకున్న రోజున పెట్టండి. పలకకపోతే ఉత్త ఇనాయా అనే పెట్టండి, ఆ హక్కు మీకుంది.

ఇంకొకటి అడగాలి. ఏడుపు ఆ పేరు విన్నప్పుడేనా, మామూలుగా కూడా వస్తోందా? పాప నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, నేను దీనికి తల్లిగా పనికిరానని అనిపించడం రెండు వారాలకు మించి ఉంటే అది బాలింతలకు వచ్చే డిప్రెషన్ కావచ్చు. పాల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాట కూడా చెప్పండి, సిగ్గుపడకండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడైనా మీకు మీరే హాని చేసుకోవాలని గానీ, పాపకు ఏమైనా చేస్తానేమోనని గానీ అనిపిస్తే మాత్రం ఆగవద్దు, ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

ఫాతిమా అని పెట్టేట్టయితే ఇంగ్లిషు స్పెల్లింగులో ‘టి’ పక్కన ‘హెచ్’ ఉండాలో వద్దో ఇంట్లో ముందే తేల్చుకోండి. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి పడి పదో తరగతి నాడు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఫాతిమాలను చాలామందిని చూశాను.