కరాటే నుంచి కిక్‌బాక్సింగ్‌కి: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా బాబు ఆరేళ్ళ నుంచి కరాటే చేస్తున్నాడు, బ్రౌన్ బెల్ట్ దాకా వచ్చాడు. ఇప్పుడేమో ఫోన్‌లో టెన్షిన్ అనే జపాన్ అబ్బాయి ఫైట్లు చూసి కిక్‌బాక్సింగ్‌లో చేర్పించమని ఇంట్లో ఒకటే గొడవ. ఎవరండీ ఈ అబ్బాయి? ఇన్నాళ్ళు కట్టిన ఫీజులు, పొద్దున్నే బండి మీద సరూర్‌నగర్ దాకా తిప్పిన తిప్పలు, ఇవన్నీ వృథాయేనా?
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వృథా కాదండీ, అస్సలు కాదు. టెన్షిన్ నాసుకవా కూడా మీ బాబు లాగే కరాటే పిల్లాడే. 1998 ఆగస్టులో టోక్యో పక్కనున్న చిబాలో పుట్టాడు, ఐదేళ్ళకే కరాటేలో వేశారు, నాన్నే దగ్గరుండి ట్రైనింగ్ ఇచ్చాడు. స్కూల్లో ఉండగానే కె-1 (జపాన్‌లో పేరున్న కిక్‌బాక్సింగ్ సంస్థ) ఫైట్లు చూసి కిక్‌బాక్సింగ్ వైపు మళ్ళాడు, 2014 జులైలో 15 ఏళ్ళకి ప్రొఫెషనల్‌గా రింగెక్కి మొదటి రౌండ్‌లోనే అవతలివాణ్ణి పడేశాడు, మరుసటి సంవత్సరానికల్లా రైజ్ అనే ఇంకో కిక్‌బాక్సింగ్ సంస్థ వాళ్ళ బాంటమ్‌వెయిట్ (తక్కువ బరువు విభాగం) ఛాంపియన్ బెల్ట్ కూడా నడుముకొచ్చేసింది. 2022లో కిక్‌బాక్సింగ్ వదిలేసే నాటికి 42 ఫైట్లు, 42 గెలుపులు.

మీ బాబు ఆ వీడియోల్లో నాకౌట్లు చూస్తుంటాడు, మీరు మాత్రం కాళ్ళు చూడండి. దూరం కొలిచినట్టు లోపలికి వస్తాడు, కొడతాడు, అవతలివాడి చెయ్యి లేచేలోపు అక్కడ ఉండడు. గాల్లో తిరిగి మడమతో కొట్టే కిక్కులు కూడా కరాటే సొమ్మే. అది చిన్నప్పట్నుంచి ఒంటికి పట్టాల్సిన విద్య, పాతికేళ్ళకి మొదలుపెడితే రావడం కష్టం.

కానీ ఒక్క విషయం మీకు గట్టిగా చెప్పాలి. టెన్షిన్ నేర్చుకున్నది క్యోకుషిన్ కరాటే, అందులో దెబ్బలు నిజంగానే తగులుతాయి, తలకి కిక్ కొట్టొచ్చు, కానీ చేత్తో ముఖం మీద గుద్దకూడదు. మన దగ్గర ఎక్కువగా చూసే పాయింట్ కరాటేలో అయితే తగిలీ తగలనట్టు కొట్టగానే రిఫరీ ఆపేసి పాయింట్ ఇస్తాడు. రెండింట్లోనూ వరసపెట్టి ముఖం మీదకొచ్చే గుద్దుల్ని కాచుకునే అలవాటు పడదు, చేతులు కిందికి జారిపోతుంటాయి. కిక్‌బాక్సింగ్‌లో ఫస్ట్ దెబ్బ పడేది అక్కడే. 1966లో జపాన్‌లో కిక్‌బాక్సింగ్ మొదలైన కొత్తల్లో తదాషి సవమురా అనే కరాటే ఆయన థాయ్ ఫైటర్ ముందు నిలబడి ఒక్క ఫైట్‌లోనే 16 సార్లు కిందపడ్డాడు. అంత పెద్ద కరాటే మనిషికే ఆ గతి పట్టింది, కానీ ఆయన ఇంటికెళ్ళి కూర్చోలేదు, మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుని ఆ ఆటకి జపాన్‌లో ఇంటింటికీ తెలిసిన స్టార్ అయ్యాడు.

అందుకని చేర్పించండి, కానీ తొందరపడి రింగ్‌లోకి దించకండి. కిక్‌బాక్సింగ్‌లో మ్యాట్ మీద ఆడే పోటీలు వేరే ఉన్నాయి, పాయింట్ ఫైటింగ్, లైట్ కాంటాక్ట్, కిక్ లైట్ అని, కరాటే నుంచి వచ్చే పిల్లలకి అవే సరైన మెట్టు. ముందు ఏడాది గార్డ్ పట్టడం, అంటే ముఖానికి చేతులు అడ్డం పెట్టడం, బాక్సింగ్ గుద్దులు నేర్పమనండి. హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ లేకుండా స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) చేయించే కోచ్ అయితే, ఎంత పేరున్నా సరే, పిల్లాణ్ణి వెనక్కి తీసుకొచ్చేయండి. తల దెబ్బలతో ఆటలొద్దు. కరాటే క్లాసు కూడా మాన్పించకండి, బ్లాక్ బెల్ట్ దాకా వెళ్ళనివ్వండి.

ప్రశ్న: అన్నా, టెన్షిన్‌ని మేవెదర్ ఒక్క రౌండ్‌లో పండబెట్టిండు కదా, మరి ఓటమే లేదని ఎట్ల అంటరు?
- చిక్కడపల్లి నుంచి ఒక డిగ్రీ స్టూడెంట్

జవాబు: తమ్ముడూ, అమెరికా బాక్సింగ్ ఛాంపియన్ ఫ్లాయిడ్ మేవెదర్‌తో 2018 డిసెంబర్ 31న జపాన్‌లోని సైతామాలో జరిగింది ఎగ్జిబిషన్, అంటే ప్రదర్శన ఫైట్, రికార్డులోకి రాదు. బాక్సింగ్ రూల్స్, కిక్ కొట్టడానికే లేదు, పైగా మేవెదర్ నాలుగు కిలోలకు పైగా బరువెక్కువ. టెన్షిన్ మూడుసార్లు పడ్డాక కార్నర్‌లోంచి వాళ్ళ నాన్నే ఆపించాడు, పిల్లాడు రింగ్‌లోనే ఏడ్చేశాడు. నాకైతే ఆ రోజు ఆ తండ్రి చేసింది చాలా నచ్చింది. ఆ తర్వాత ఆ బాక్సింగ్‌లోకే 2023లో ప్రొఫెషనల్‌గా దిగాడు, వరసగా గెలిచాడు, 2025 నవంబర్‌లో డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) టైటిల్ ఫైట్‌లో జపాన్ బాక్సరే అయిన టకుమా ఇనోయే చేతిలో పాయింట్ల మీద ఓడిపోయాడు. రికార్డులో పడ్డ మొదటి ఓటమి అదే.

ప్రశ్న: టెన్షిన్ చేతిలో ఓడిన తకేరు కూడా కరాటే మనిషేనా? ఆయనంటే అంత అభిమానం ఎందుకు?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అవునమ్మా. ఈ జపాన్ కిక్‌బాక్సర్ తకేరు, కరాటే నుంచి వచ్చి కె-1లో స్టార్ అయిన స్విట్జర్లాండ్ ఫైటర్ ఆండీ హగ్‌ని చూసి చిన్నప్పుడే కరాటేలో చేరాడు, కె-1లో మూడు వెయిట్లలో ఛాంపియన్ అయ్యాడు. వీళ్ళిద్దరూ వేర్వేరు సంస్థల వాళ్ళు కాబట్టి జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు, చివరికి 2022 జూన్ 19న టోక్యో డోమ్‌లో 56 వేల మందికి పైగా వచ్చారు. మొదటి రౌండ్ చివర్లో ఎడమ చేతి హుక్ తగిలి తకేరు పడ్డాడు, లేచాడు, మూడు రౌండ్లూ మీదకెళ్తూనే ఉన్నాడు, ఐదుగురు జడ్జిలూ టెన్షిన్‌కే ఇచ్చారు. కొన్నాళ్ళకే తనకి డిప్రెషన్ ఉందని, కొంతకాలం ఆగుతానని అందరి ముందు చెప్పాడు. అంత పెద్ద ఫైటర్ ఆ మాట దాచుకోకుండా చెప్పడం నాకు ఆయన బెల్టులన్నిటికంటే పెద్దదనిపిస్తుంది. తర్వాత తిరిగొచ్చి మళ్ళీ రింగెక్కాడు కూడా.