కాగితం విమానాల పిచ్చి: మాన్పించాలా, కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. ఎప్పుడు చూసినా కాగితం విమానాలు, ఇంజిను లేకుండా గాల్లో తేలే అట్టముక్కల గ్లైడర్లే. పైలట్ అవుతానంటాడు. లెక్కల్లో మార్కులు అంతంతమాత్రం. ఇవన్నీ మాన్పించి చదువు మీద కూర్చోబెట్టాలా, లేక ఇప్పటినుంచే డ్రోన్ కోర్సులో చేర్పించాలా?
– ఒక తల్లి

జవాబు: రెండూ వద్దమ్మా. పైలట్ అవుతానన్న మాటను కూడా ఇప్పుడే ఖాయం చేసుకోకండి. విమానం అనగానే పిల్లలకు తట్టేది పైలట్ ఒక్కడే. రెక్క ఆకారాన్ని నిర్ణయించే డిజైన్ ఇంజినీరు, ప్రతి భాగాన్నీ తనిఖీ చేసి సంతకం పెట్టే మెయింటెనెన్స్ ఇంజినీరు, నేలమీద నుంచి విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ వాళ్ల కంట పడరు. మీవాడి మొగ్గు ఎటో ఆ అట్టముక్కలే చెబుతాయి. వాటికి తోడుగా ఒక నోటుపుస్తకం, కొలతల టేపు ఇవ్వండి చాలు.

పలుచటి అట్టతో రెక్క, తోక కత్తిరించి సన్నటి పుల్లకు అతికించమనండి. ముక్కు దగ్గర చిన్న మట్టి ఉండ. విసరకుండా, భుజం ఎత్తు నుంచి ముందుకు మెల్లగా వదలాలి. కాస్త పైకి లేచి, ఆగినట్టయి, దబ్బున ముక్కు వాల్చిందా? దాన్నే స్టాల్ అంటారు. రెక్క గాలిని మరీ ఏటవాలుగా ఎదుర్కొనేసరికి పైకెత్తే బలం పడిపోతుంది. ముక్కుకు ఇంకొంచెం మట్టి పెట్టాలి. అలాకాక మొదటినుంచీ నేలకు దూసుకుపోతుంటే తోక వెనక అంచును ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి వంచాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మట్టీ, తోకా ఒకేసారి సర్దితే దేనివల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు. పిల్లలు తొందరపడేది సరిగ్గా ఇక్కడే. మార్చిన ప్రతిసారీ ఎంత దూరం వెళ్లిందో రాయాలి. ఒకటిన్నర మీటరు ఎత్తునుంచి వదిలితే ఆరు మీటర్లు వెళ్లిందనుకోండి, మీటరు ఎత్తుకు నాలుగు మీటర్ల దూరమన్నమాట. మనుషులెక్కే నిజమైన గ్లైడర్లను పోల్చేదీ ఈ నిష్పత్తితోనే.

లెక్కల సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 1878లో రైట్ సోదరులకు వాళ్ల నాన్న రబ్బరు బ్యాండుతో తిరిగే ఎగిరే బొమ్మ తెచ్చిచ్చారు. అప్పటికి విల్బర్‌కు పదకొండేళ్లు, ఆర్విల్‌కు ఏడు. అలాంటివే సొంతంగా ఇంకా పెద్దవి చేశారు. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ ఎగరడం తగ్గింది. కొలతలు రెట్టింపైతే ఎనిమిది రెట్ల శక్తి కావాలని అప్పట్లో తమకు తెలియదని తర్వాత రాసుకున్నారు. పొడవు రెండింతలు చేస్తే రెక్క వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువేమో ఎనిమిదింతలవుతుంది. మీవాణ్ని కూడా తన గ్లైడర్‌ను అన్ని వైపులా, మందంతో సహా, రెట్టింపు చేసి చూడమనండి. వర్గాలు, ఘనాలు ఎందుకు నేర్చుకోవాలో ట్యూషన్ మాస్టారు వారం చెప్పినా ఎక్కనిది అప్పుడు ఎక్కుతుంది.

మీరు పక్కనుంచి గమనించండి. ఎగరకపోతే ఎందుకని గంటలకొద్దీ తవ్వుతున్నాడా? ఇంజినీరింగ్ బుద్ధి. అతుకులు శుభ్రంగా, కొలతలు నిక్కచ్చిగా ఉండాలని పట్టుబడుతున్నాడా? మెయింటెనెన్స్ రంగం అలాంటి చేతులకోసమే చూస్తుంది. చేయడం మీద ఆసక్తి లేక ఎగరేయడం, గాలివాటం చూసుకోవడం మీదే ధ్యాసంతా ఉంటే పైలట్ మాట అప్పుడు ఆలోచిద్దాం. నెల తిరక్కుండా అన్నీ మూల పడేస్తే అదీ జవాబే, మీ డబ్బు మిగిలినట్టు.

డ్రోన్ కోర్సులు చెడ్డవని కాదు. తయారుగా వచ్చే డ్రోన్‌ను లోపలున్న సెన్సర్లు, కంప్యూటరే నిలకడగా ఉంచుతాయి. అది ఎందుకు పడిపోకుండా ఉందో పిల్లాడికి తెలిసే అవకాశం తక్కువ. గ్లైడర్‌ను తనే నిలబెట్టాలి. ఒకటి రెండేళ్లు ఆగి చేర్పించినా మించిపోయిందేమీ లేదు.

రబ్బరు బ్యాండు మోడళ్లు మొదలుపెడితే కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. బట్టతో రెక్కలు కట్టుకుని మేడమీంచి దూకే ఆలోచనలేమైనా ఉంటే మొదట్లోనే గట్టిగా చెప్పండి. ఈ వయసులో అదీ వస్తుంది.

ఒకసారి కంటి డాక్టరుకు కూడా చూపించండి. కళ్లద్దాలుంటే పైలట్ కాలేరన్నది అపోహే, కానీ రంగులు సరిగా గుర్తించలేకపోవడం మాత్రం పైలట్ల వైద్యపరీక్షలో అడ్డు కావచ్చు. ఆ సంగతి ఇంటర్ అయ్యాక కాకుండా ఇప్పుడే తెలిస్తే మంచిది.