30 దాటాక గడ్డం చుట్టూ మొటిమలు: నాకు పనిచేసిన రొటీన్, అది ఎందుకు పనిచేసిందో

మీ వయసు 31 అన్నారు. కాలేజీ రోజుల్లో మొహం బాగానే ఉండేదనీ, ఇప్పుడు గడ్డం మీదా దవడ పక్కనా నొప్పి పెట్టే గట్టి మొటిమలు వస్తున్నాయనీ, నెలసరికి వారం ముందు ఇంకా ఎక్కువవుతున్నాయనీ రాశారు. ఫేస్‌వాష్‌లు, సీరమ్‌లు మార్చి మార్చి విసిగిపోయి, అసలు ఏ రొటీన్ పనిచేస్తుందనీ, మచ్చల సంగతేమిటనీ అడిగారు. చదువుతుంటే నా సంగతే రాసినట్టు అనిపించింది. నాకు 28 ఏళ్లప్పుడు సరిగ్గా అదే చోట మొదలయ్యాయి. నేను హనుమకొండ దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. ముందు వరసలో కూర్చున్న పిల్లలు మొహంకేసి చూస్తూ "మేడమ్, నొప్పిగా ఉందా?" అని అడుగుతుంటే పాఠం చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ముందు జవాబు చెప్పేస్తాను. రెండు పూటలా సువాసన లేని మామూలు ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, రాత్రి అడాపలీన్ 0.1 శాతం జెల్. తర్వాత కొన్నాళ్లకు దీనికి బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసింది. నా రొటీన్ మొత్తం ఇంతే. ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. దీన్ని మూడు నెలలపాటు ఏమీ మార్చకుండా వాడగలగడమే అసలు కష్టం.

మూడు నెలలు ఎందుకో అర్థమైతే ఓపిక పట్టడం సులువవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మొహం మీద ప్రతి రోమకూపం పక్కనా ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆండ్రోజెన్ హార్మోన్లు దాన్ని నడిపిస్తాయి. వీటిని మగవాళ్ల హార్మోన్లంటారు కానీ ఆడవాళ్ల ఒంట్లోనూ ఉంటాయి. నూనె ఎక్కువైనప్పుడు, మామూలుగా రాలిపోవాల్సిన చర్మకణాలు ఆ జిడ్డుకు అతుక్కుని కూపాన్ని మూసేస్తాయి. అందరి చర్మం మీదా ఉండే క్యూటిబాక్టీరియమ్ ఆక్నెస్ అనే బాక్టీరియా ఆ మూసుకుపోయిన చోట బాగా పెరుగుతుంది. దాని మీద మన ఒళ్లు చేసే పోరాటమే ఆ ఎరుపు, వాపు, చీము. ఇందులో మొదటి మెట్టు, అంటే కూపం మూసుకుపోవడం, కంటికి కనపడదు. ఇవాళ అద్దంలో కనిపించిన మొటిమ కొన్ని వారాల కిందటే లోపల తయారవడం మొదలై ఉంటుంది. మీరు ఇవాళ మొదలుపెట్టిన మందు ఇంకా బయటపడని మొటిమల్ని ఆపుతుంది, ఇప్పటికే దారిలో ఉన్నవి ఎలాగూ వస్తాయి. అందుకే ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలు చూసి పనిచేయలేదని పక్కన పెట్టేసిన మందుల్లో బహుశా ఒకటి మీకు సరిపడేదే అయ్యుండొచ్చు. మొటిమ కనిపించిన చోట మాత్రమే చుక్క పెట్టుకుంటే లాభం తక్కువ అనడానికీ ఇదే కారణం. మొటిమలు వచ్చే ప్రాంతం మొత్తానికి పలచగా రాయాలి.

అడాపలీన్ రెటినాయిడ్ జాతి మందు, అంటే విటమిన్ ఏ లాంటి మందుల కుటుంబానిది. కూపం మూసుకుపోకుండా చూడటమే దాని పని. మా డాక్టరమ్మ చెప్పిన పద్ధతి చెప్తాను. రాత్రి మొహం కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద రాస్తే మంట ఎక్కువ. మొహం మొత్తానికీ బఠాణీ గింజంత చాలు. కళ్ల చుట్టూ, ముక్కు పక్క మడతల్లో, పెదాల మూలల్లో రాయకూడదు. మొదట్లో వారానికి రెండు మూడు రాత్రులే రాసి, చర్మం అలవాటు పడ్డాక మెల్లగా రోజూ రాత్రికి పెంచుకోవాలి. నా చర్మం పొడిబారి పొట్టు లేచింది. డాక్టరమ్మకి చెప్తే ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద జెల్ రాసి, మళ్లీ పైన మాయిశ్చరైజర్ రాయమన్నారు. మంట చాలావరకు తగ్గింది. మొదటి వారాల్లో మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే ఎవరైనా అక్కడే ఆపేస్తారు. నాకు తెలుసు కాబట్టి కొనసాగించాను. మూడో నెల వచ్చేసరికి కొత్తవి రావడం బాగా తగ్గింది. చేత్తో తడిమితే గడ్డం కింద గట్టిగా తగిలేవి కూడా లేవు.

పూర్తిగా పోలేదు కాబట్టి బెంజాయిల్ పెరాక్సైడ్ కలిపారు. ఇది బాక్టీరియాను చంపుతుంది. దీనికి బాక్టీరియా అలవాటు పడిపోయే బెడద లేదు, అదే దీని గొప్పదనం. 2.5 శాతంది అడగండి. ఎక్కువ శాతం తీసుకుంటే మంట పెరుగుతుంది తప్ప ఫలితం అంతగా పెరగదు. నేను ఉదయం స్నానానికి ముందు రాసుకుని కొద్ది నిమిషాలుంచి కడిగేసుకుంటాను. ఇది బట్టల రంగు తినేస్తుంది, ముఖ్యంగా టవళ్లు, దిండు గలీబులు. తెల్లవి వాడుకోండి. పట్టుచీర కట్టుకునే రోజు మెడ దాకా రాయకండి.

జిడ్డు మొహానికి మాయిశ్చరైజర్ ఎందుకని చాలామంది మానేస్తారు. ఈ మందులు వాడుతున్నప్పుడు అది లేకపోతే చర్మం తట్టుకోలేదు, మందు మధ్యలో ఆగిపోతుంది. మన ఎండలకు జెల్‌లాంటిది పలచగా రాసుకుంటే బరువనిపించదు. కొనేటప్పుడు డబ్బా మీద నాన్ కామెడోజెనిక్ అని ఉందేమో చూడండి, అంటే రోమకూపాలను మూసేయని రకం అని. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు పైన ఉన్నది ఏదైనా సరే. మన చర్మ ఛాయకు మొటిమ కన్నా అది వదిలి వెళ్లే నల్లమచ్చే ఎక్కువ కాలం ఏడిపిస్తుంది. ఎండ తగిలితే ఆ మచ్చ ఇంకా ముదురుతుంది. బస్టాండులో పావుగంట నిలబడే నాకు మందుతో సమానంగా మేలు చేసింది సన్‌స్క్రీనే అని నమ్ముతాను.

ఇప్పుడు పరీక్షల సంగతి. నెలసరికి ముందు ఎక్కువవుతాయని రాశారు కదా, అందుకని అడుగుతున్నాను: నెలసరి సక్రమంగా వస్తోందా? గడ్డం మీద, పైపెదవి మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయా? తలమీద జుట్టు పలచబడుతోందా? వీటిలో ఏదైనా ఉంటే పీసీఓఎస్, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య, ఉందేమో చూపించుకోవాలి. స్కానింగు, కొన్ని హార్మోన్ రక్తపరీక్షలు చేస్తారు. నాకు అన్నీ మామూలుగానే వచ్చాయి. పెద్దయ్యాక మొటిమలొచ్చే ఆడవాళ్లలో ఎక్కువమందికి అంతే, హార్మోన్ల లెక్క బాగానే ఉంటుంది. ఉన్న హార్మోన్లకే చర్మం ఎక్కువగా స్పందిస్తుంది. రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన మీ బాధ అబద్ధమైపోదు. మా డాక్టరమ్మ ఇంకో మంచి ప్రశ్న అడిగారు: ఈ మధ్య ఏమైనా ఇంజక్షన్లు, మాత్రలు వాడారా అని. నీరసానికి వేసే బీ12 ఇంజక్షన్ల వల్ల కూడా కొందరికి మొటిమలు వస్తాయట. అది నాకు అప్పటిదాకా తెలియదు. జిమ్‌కి వెళ్లే తమ్ముళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వే ప్రొటీన్ పొడి మీద కూడా ఓ కన్నేయండి.

తిండి గురించి అందరూ చెప్పేది "వేడి చేసింది" అనే. మా అత్తయ్య మామిడిపండ్లు మాన్పించారు, సబ్జా నీళ్లు తాగించారు. ఆవిడ ప్రేమ నాకు తెలుసు కాబట్టి తాగాను, ఎండాకాలం ఒంటికి హాయిగానే ఉంది. కానీ గడ్డం మీద తేడా ఏమీ కనపడలేదు. తీపి, మైదా, కూల్‌డ్రింకులు తగ్గిస్తే కొందరికి కాస్త మేలు జరుగుతుందన్నదానికి మాత్రం ఆధారాలున్నాయి. అందులో నష్టం కూడా లేదు కాబట్టి తగ్గించండి. తిండి ఒక్కదానితోనే తగ్గుతాయని మాత్రం అనుకోవద్దు, ఏ పండో తిన్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోనూ వద్దు.

ఇంటి చిట్కాల్లో నిమ్మరసం, టూత్‌పేస్టు మొహానికి దగ్గరికి రానీయకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టయి నల్లబడుతుంది. సున్నిపిండితో గట్టిగా రుద్దితే చీమున్న మొటిమలు లోపల చితికి వాపు పెరుగుతుంది. తలకు కొబ్బరినూనె ఎక్కువ పెట్టుకుంటే అది నుదుటి మీదికి జారి అక్కడ చిన్న చిన్న మొటిమలు వస్తాయి. నూనె మానలేకపోతే తలస్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగేసుకోండి. నుదుటి మీద, ఛాతీ మీద అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే అవి అసలు మొటిమలే కాకపోవచ్చు. మలసీజియా అనే ఫంగస్ వల్ల కూడా అచ్చం అలాగే వస్తాయి. వాటికి ఫంగస్ మందు వాడాలి, యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరుగుతాయి.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. మా చిన్నమ్మ కూతురికి పెళ్లి కుదిరినప్పుడు మొటిమలు తగ్గడానికని ఒక మందుల షాపులో చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. వారంలో మొహం నున్నగా, తెల్లగా అయింది. ఇంట్లో అందరం సంతోషించాం. కొన్ని నెలల తర్వాత అది రాయని రోజు మొహం ఎర్రబడి మండేది. బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు కనపడసాగాయి, మునుపటి కన్నా ఎక్కువ మొటిమలు వచ్చాయి. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. ఆ అమ్మాయి పెళ్లి ఫొటోలు ఇప్పటికీ చూడదు. మన దేశంలో ఈ బాధ ఎంత ఎక్కువంటే, చర్మవైద్యులు దీనికి ప్రత్యేకంగా టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్, అంటే స్టెరాయిడ్ పూతతో పాడైన మొహం, అని పేరే పెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది, అయినా దొరుకుతూనే ఉన్నాయి. ట్యూబు వెనక బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే మొటిమలకు రాయకండి. తెల్లబడటానికని ఇచ్చే కొన్ని క్రీముల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో పాటు మొమెటసోన్ కలిపి ఉంటుంది, కాబట్టి పేర్లన్నీ చివరిదాకా చదవండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే మీ అంతట మీరు ఆపేసి ఊరుకోకుండా వెంటనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఆపిన తర్వాత వచ్చే మంటను తట్టుకోవడానికి వాళ్ల సాయం కావాలి.

పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే, లేదా ఆ ఆలోచన ఉంటే, డాక్టరుకి మొదటి మాటగా అదే చెప్పండి. అడాపలీన్ గర్భంతో ఉన్నప్పుడు వాడరు. రెండో బిడ్డ అనుకున్నప్పుడు నాకు అది ఆపించి అజెలాయిక్ యాసిడ్ క్రీము ఇచ్చారు. అది గర్భిణులు కూడా వాడొచ్చు, మచ్చల్ని కూడా కాస్త తగ్గిస్తుంది, కాకపోతే నెమ్మది. ఐసోట్రెటినోయిన్ మాత్రల గురించి మీరు వినే ఉంటారు. మొండి మొటిమలకు అంతకు మించిన మందు లేదు. అది వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది, ఆపాక కూడా కనీసం నెల రోజులు ఆగాలి. మధ్యమధ్యలో కాలేయం, కొవ్వు పరీక్షలు చేయించాలి. ఎవరో వాడి తగ్గించుకున్నారని వాళ్ల చీటీతో కొనుక్కోవద్దు. యాంటీబయాటిక్ విషయంలోనూ అంతే. క్లిండామైసిన్ జెల్ ఒక్కటే నెలల తరబడి రాస్తే బాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది. అందుకే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి ఇస్తారు.

మచ్చల గురించి కూడా అడిగారు. చదునుగా ఉన్న నల్లమచ్చలు నెలల మీద వాటంతట అవే పలచబడతాయి, సన్‌స్క్రీన్ మానకుండా ఉంటే చాలు. గుంటలు పడితే మాత్రం ఏ క్రీమూ పూడ్చలేదు. వాటికి మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చే చికిత్స) లాంటివి ఉన్నాయి, కానీ మొటిమలు పూర్తిగా అదుపులోకి వచ్చాకే చేయించుకోవాలి. కొత్తవి వస్తుండగానే లేజర్ ప్యాకేజీ తీసుకోమని ఎవరైనా ఒత్తిడి చేస్తే లేచి వచ్చేయండి. గిల్లకుండా ఉంటే గుంటలు పడే అవకాశం తగ్గుతుంది. నాకు టెన్షన్‌లో చెయ్యి గడ్డం మీదికే పోయేది, పేపర్లు దిద్దేటప్పుడు మరీను.

ఏ డాక్టరు అన్నది కూడా ముఖ్యమే. స్కిన్ క్లినిక్ అని బోర్డున్న చోటల్లా చర్మవైద్యులు ఉండరు. పేరు పక్కన ఎండీ డీవీఎల్, లేదా డీడీవీఎల్ అని ఉందేమో చూడండి. డీవీఎల్ అంటే చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు, ఈ మూడింటికీ కలిపి చదివే చదువు. ఖర్చుకు వెనకాడుతుంటే వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. క్యూలో నిలబడాల్సి వస్తుంది, కానీ చూసేది ఆ చదువు చదివినవాళ్లే.

వెళ్లేటప్పుడు మీరు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, సీసాలు, సగం మిగిలినవి కూడా అన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. పేర్లు గుర్తులేవని వదిలేయొద్దు. నెలసరి తేదీలు, వాడుతున్న మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఇవాళే పగటి వెలుతురులో, ఎడమ వైపు, కుడి వైపు, గడ్డం విడివిడిగా ఫొటోలు తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకి మార్పు తెలియదు. 12 వారాల తర్వాత మందు కొనసాగించాలా మార్చాలా అని నిర్ణయించుకోవడానికి మీకూ డాక్టరుకూ ఆ ఫొటోలే పనికొస్తాయి.