ఇరీనా స్లుట్‌స్కాయా ఓడిపోయిందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో రష్యన్ ఫిగర్ స్కేటర్ ఇరీనా స్లుట్‌స్కాయా గురించి రాస్తూ, ఒలింపిక్ బంగారం లేకపోయినా ఆమెది నాకు తెలిసిన గొప్ప కెరీర్లలో ఒకటి అన్నాను. దాని మీద గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి, కొన్ని కోపంగా కూడా. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: ఏడుసార్లు యూరప్ ఛాంపియన్, రెండుసార్లు వరల్డ్ ఛాంపియన్ అన్నారు, బాగానే ఉంది. కానీ ఒలింపిక్స్‌లో చూస్తే 1998లో ఐదో స్థానం, 2002లో వెండి, 2006లో కాంస్యం. అసలైన చోట గెలవని మనిషిని గొప్ప అని ఎలా అంటారండీ? 2002లో ఒక్క జడ్జి వల్ల పోయిందని మా ఫ్రెండ్ వాదిస్తున్నాడు. అదన్నా నిజమేనా?
— డిగ్రీ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. అయితే అది అన్యాయం అంటే మాత్రం నేను ఒప్పుకోను. ముందు లెక్క చూడండి.

ఇప్పుడైతే ఒక్కో జంప్‌కీ ఒక్కో స్పిన్‌కీ పాయింట్లు వేసి కూడతారు. అప్పుడు అలా కాదు, 6.0కి మార్కులు వేసేవారు, ఆ మార్కులు ర్యాంకు తేల్చడానికే పనికొచ్చేవి. మన పరిషత్తు నాటక పోటీల్లో జడ్జీలు ఎవరికి వాళ్లు ఫస్టు, సెకండు రాసుకుని, చివరికి ఏ నాటకాన్ని ఎక్కువమంది పైన పెట్టారో చూశారనుకోండి, దాదాపు అలాంటిదే. పోటీలో రెండు భాగాలు, ముందు చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్, తర్వాత పెద్దదైన ఫ్రీ స్కేట్. షార్ట్‌లో వచ్చిన స్థానంలో సగం, ఫ్రీ స్కేట్‌లో వచ్చిన స్థానం పూర్తిగా, రెండూ కలిపితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లకి బంగారం.

2002 ఒలింపిక్స్ జరిగిన సాల్ట్ లేక్ సిటీలో షార్ట్ అయ్యేసరికి అమెరికా అమ్మాయి మిషెల్ క్వాన్ ఫస్ట్, ఇరీనా సెకండ్, ఇంకో అమెరికన్ సాషా కోహెన్ థర్డ్. నాలుగో స్థానంలో ఉన్న పదహారేళ్ల అమెరికన్ పిల్ల శారా హ్యూజ్‌ని బంగారం లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ. ఫ్రీ స్కేట్‌లో హ్యూజ్ ఫస్ట్ వచ్చింది, ఇరీనా సెకండ్, క్వాన్ థర్డ్. ఇప్పుడు కూడండి. హ్యూజ్‌కి 2 ప్లస్ 1, మూడు. ఇరీనాకి 1 ప్లస్ 2, అదీ మూడే. క్వాన్‌కి మూడున్నర. ఇద్దరూ సమానమైతే ఫ్రీ స్కేట్ గెలిచినవాళ్లదే పైచేయి అని రూలు, ఆ ఫ్రీ స్కేట్‌లో తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు హ్యూజ్‌ని పైన పెట్టారు, నలుగురు ఇరీనాని. ఆ ఐదుగురిలో ఒక్కరు అటు మళ్లినా ఇరీనా లెక్క రెండుకి దిగేది, బంగారం ఆమెదే. ఇంకా విచిత్రం, ఇరీనా బదులు క్వాన్ సెకండ్ వచ్చి ఉంటే క్వాన్ గెలిచేది! హ్యూజ్ గెలవాలంటే తను ఫస్ట్ రావాలి, క్వాన్ సెకండ్ కంటే కిందకి జారాలి. అచ్చం అలాగే జరిగింది.

రష్యా వాళ్లు ఫిర్యాదు చేశారు, కొట్టేశారు. నా మట్టుకు నేను ఆ రోజు హ్యూజ్‌కే ఇస్తాను. ఆ అమ్మాయి ఒకే ప్రోగ్రామ్‌లో రెండు ట్రిపుల్–ట్రిపుల్ కాంబినేషన్లు (మూడేసి చుట్ల జంపులు రెండు వెంటవెంటనే) చేసింది, పోగొట్టుకోవడానికి ఏమీ లేనట్టు దూసుకుపోయింది. చివర్లో దిగిన ఇరీనాది జాగ్రత్త ఆట. కానీ అయ్యా, నెల తిరక్కుండా నగానోలో వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరిగితే క్వాన్‌ని వెనక్కి నెట్టి గెలిచింది ఎవరు? ఇరీనాయే. నాలుగేళ్లకోసారి వచ్చే పోటీలో నాలుగు నిమిషాల ఆటే మొత్తం మనిషి అంటే నేను ఒప్పుకోలేను, ఆ లెక్కన ఐదుసార్లు వరల్డ్ ఛాంపియన్ అయిన క్వాన్ కూడా గొప్పది కాకుండా పోతుంది, ఆమెకీ ఒలింపిక్ బంగారం లేదు మరి.

ప్రశ్న: ట్రిపుల్ లట్జ్–ట్రిపుల్ లూప్ మొదట చేసింది ఈవిడే అని రాశారు. మూడు చుట్లు తిరగడం చాలామంది చేస్తున్నారుగా, ఇందులో ప్రత్యేకత ఏంటి?
— రాజోలు

జవాబు: లట్జ్, లూప్ అనేవి రెండు రకాల జంపులు, కష్టమంతా రెండోదైన లూప్‌లో ఉంది. ఎక్కువమంది స్కేటర్లు ఎడమవైపుకి తిరుగుతారు, లట్జ్ నుంచి దిగేటప్పుడు కుడికాలి మీద వెనక్కి జారుతూ, బ్లేడు బయటి అంచు మీద దిగుతారు. తర్వాత ఇంకో జంప్ కలపాలంటే మామూలుగా టో లూప్ ఎంచుకుంటారు, ఎందుకంటే ఎడమ బూటు బ్లేడు ముందు భాగంలో ఉండే పళ్లని ఐస్‌లో గుచ్చి ఆ ఊతంతో లేవచ్చు. లూప్‌కి ఆ ఊతం లేదు. ఏ కాలి మీద దిగారో అదే కాలి మీద, అదే అంచు మీద నుంచి, అప్పటికే సగం వేగం పోయాక, మళ్లీ గాల్లోకి లేచి మూడు చుట్లు తిరగాలి. మొదటి జంప్ దిగడంలో ఒళ్లు వీసమెత్తు అటూ ఇటూ అయినా రెండోది లేవదు. 2000లో ఆమె ఇది చేసింది. ఇవాళ్టికీ ఈ కాంబినేషన్ నమ్మకంగా చేసే అమ్మాయిలు కొద్దిమందే.

ఆమె స్పిన్ కూడా చూడండి. ఒక కాలిని వెనక నుంచి తల పైదాకా చేత్తో లాగి పట్టుకుని తిరిగేదాన్ని బీల్‌మన్ స్పిన్ అంటారు. చాలామందికి ఒక కాలితోనే వస్తుంది, ఇరీనా కాలు మార్చి రెండో వైపు కూడా చేసేది.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు, కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఉండేది. ఆర్నెల్లుగా కీళ్లవాపులు, జ్వరాలు. డాక్టరు గారు ఆట ఆపమన్నారు. మీ వ్యాసం చదివి ‘ఆవిడ జబ్బుతోనే ఆడి గెలిచిందంట, నేనూ ఆడతాను’ అని ఇంట్లో రోజూ గొడవ. నాకు టెన్షన్‌గా ఉంది. దయచేసి ఏదైనా చెప్పండి.
— ఒక తల్లి, అమలాపురం దగ్గర

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం చదివాక నా వ్యాసంలో ఆ భాగం ఇంకా వివరంగా రాయాల్సిందనిపించింది. మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదవండి.

2003లో ఇరీనా తల్లికి కిడ్నీల జబ్బు ముదిరింది. ఆ ఏడాది వరల్డ్ ఛాంపియన్‌షిప్ వదిలేసి తల్లి దగ్గర ఉండిపోయింది. తర్వాత తనకే వాస్కులైటిస్ వచ్చింది, అంటే రక్తనాళాలు వాచే జబ్బు. కాళ్లు వాచేవి, జ్వరం, నీరసం. ఆ సీజన్ దాదాపు మొత్తం పోయింది. 2004లో డోర్ట్‌మండ్‌లో జరిగిన వరల్డ్స్‌కి వెళ్తే తొమ్మిదో స్థానం వచ్చింది. రెండేళ్ల క్రితం ప్రపంచాన్ని గెలిచిన మనిషి తొమ్మిదో స్థానంలో నిలబడిందంటే మీ అమ్మాయికి అర్థం కావాలి, జబ్బు మీద మొండితనం పనిచెయ్యలేదు. మందులు వాడుతూ, ఒంట్లో కాస్త బలం చేరాక, తర్వాతి సీజన్‌లో దిగితే ఆడిన ప్రతి పోటీ గెలిచింది, 2005 మార్చిలో సొంతూరు మాస్కోలో జరిగిన వరల్డ్స్ సహా. నేను గొప్ప అన్నది ఈ ఏడాదిని చూసే. తొమ్మిదో స్థానం నుంచి ఒకటికి రావడానికి మధ్యలో ఉన్నది వైద్యం, ఓపిక.

‘జబ్బుతోనే ఆడి గెలిచింది’ అన్నది సగం మాటే. 17 ఏళ్లకి వాలీబాల్ ఎక్కడికీ పోదు. డాక్టరు గారు ఆపమన్నంత కాలం ఆపాలి, ఏ కసరత్తు చెయ్యొచ్చో ఎప్పుడు మొదలుపెట్టొచ్చో ఆయన్నే అడగాలి, అమ్మాయే సొంతంగా అడిగితే ఇంకా మంచిది. మీ మాట వినకపోయినా ఆయన మాట వింటుందేమో.

ప్రశ్న: ఇప్పటి రష్యన్ అమ్మాయిలు క్వాడ్‌లు, అంటే నాలుగు చుట్ల జంపులు చేస్తున్నారు. వాళ్ల ముందు స్లుట్‌స్కాయా ఎంత?
— భీమవరం

జవాబు: జంపుల్లో వాళ్లే పైన, అందులో అనుమానం లేదు. ఇరీనా మొదటి యూరప్ టైటిల్ 1996లో, అప్పటికి ఆమెకి 16 ఏళ్లు. చివరిది 2006లో, దాదాపు 27. ఈ మధ్యలో 1999లో రష్యా జట్టులోనే చోటు దొరక్క వరల్డ్స్‌కి వెళ్లలేకపోయింది, మళ్లీ వచ్చింది. ఇప్పుడు చూడండి, యూలియా లిప్నిట్‌స్కాయా 2014లో పదిహేనేళ్లకి ఒలింపిక్ టీమ్ బంగారం గెలిచి 19 ఏళ్లకి ఆట మానేసింది, అనరెక్సియాతో (తిండి మానేసి చిక్కిపోయే జబ్బు) బాధపడ్డానని తనే చెప్పింది. 2018లో బంగారం గెలిచిన అలీనా జగీతోవా 17 ఏళ్లకే పోటీలకి విరామం చెప్పేసింది. కమీలా వలియెవా సంగతి మీకు తెలిసిందే, 15 ఏళ్ల పిల్ల శాంపిల్‌లో ట్రైమెటాజిడిన్ అనే గుండెజబ్బు మందు, క్రీడల్లో నిషేధించినది, దొరికి నాలుగేళ్ల నిషేధం పడింది. ఆ వయసులో ఆ మందు ఆ పిల్ల ఒంట్లోకి ఎలా వచ్చిందో చుట్టూ ఉన్న పెద్దవాళ్లు జవాబు చెప్పాల్సింది, కెరీర్‌లో నాలుగేళ్లు మాత్రం పిల్లవే పోయాయి. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. సీనియర్ పోటీలకి కనీస వయసు 17కి పెంచారు, మంచి పని చేశారు, కాకపోతే ఆలస్యంగా.

2006 ట్యూరిన్ ఒలింపిక్స్ గురించి కూడా కొందరు అడిగారు కాబట్టి: షార్ట్ తర్వాత కోహెన్‌కి 66.73, ఇరీనాకి 66.70. అప్పటికే పురుషులు, పెయిర్స్, ఐస్ డాన్స్ మూడు బంగారాలూ రష్యా పట్టుకుపోయింది, నాలుగోది ఈవిడ తేవాలని దేశమంతా మీద పడింది. ఫ్రీ స్కేట్‌లో లూప్ దగ్గర పడిపోయింది. జపాన్‌కి చెందిన షిజుకా అరకావా బంగారం గెలిచింది.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు, రెండేళ్లుగా రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఐస్ మీద చేస్తానంటోంది. మాకు ఇక్కడ ఐస్ అంటే రొయ్యల బాక్సుల్లో కొట్టి వేసేదే! ఏమన్నా దారి ఉందా, వయసు దాటిపోయిందా?
— ఆక్వా రైతు, నరసాపురం

జవాబు: వయసు దాటలేదు. ఇరీనా నాలుగేళ్లకి మొదలుపెట్టింది, ఆరేళ్లకి కోచ్ ఝాన్నా గ్రోమోవా దగ్గర చేరి కెరీర్ మొత్తం ఆవిడ దగ్గరే ఉంది. కానీ అమెరికా అమ్మాయి టారా లిపిన్‌స్కీ మీ పాపలాగే మొదట రోలర్ స్కేట్లు కట్టుకుంది, తర్వాత ఐస్ మీదకి మారి 1998లో పదిహేనేళ్లకి ఒలింపిక్ బంగారం గెలిచింది.

మన దేశంలో ఐస్ రింకులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డెహ్రాడూన్‌లో ఒకటి, గురుగ్రామ్‌లో ఒకటి, సిమ్లాలో చలికాలం మాత్రమే ఉండే పాత రింకు, అది 1920 నాటిది. అంటే ఇల్లు మారాలి, లేదా సెలవుల్లో తిప్పాలి, రెండూ ఖర్చే. ఎనిమిదేళ్ల పాప కోరిక మీద చెరువులు అమ్ముకుని వెళ్లమని నేను చెప్పను.

ముందు ఒకటి కనుక్కోండి, పాప నేర్చుకునేది స్పీడా, ఆర్టిస్టిక్కా. మన వైపు ఎక్కువగా స్పీడే నేర్పుతారు, దానికీ ఫిగర్ స్కేటింగ్‌కీ పోలిక తక్కువ. ఆర్టిస్టిక్ అయితే జంపులు, స్పిన్లు అన్నీ ఉంటాయి, నేర్చినవి ఐస్ మీద చాలావరకు పనికొస్తాయి. విశాఖలో నేర్పేవాళ్లు ఉన్నారు, వేసవి సెలవుల్లో ఒక నెల అక్కడ పెట్టి చూడండి. ఇంటి దగ్గర కూచిపూడిలో చేర్పించండి, లయ, నిలకడ, ముఖంలో భావం అన్నీ అక్కడే వస్తాయి, జడ్జీలు వాటికీ మార్కులేస్తారు. హెల్మెట్, మోకాళ్లకి, మణికట్లకి గార్డులు లేకుండా సిమెంటు మీదకి పంపకండి. పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంకా ఇదే మాట మీద ఉంటే అప్పుడు మళ్లీ ఉత్తరం రాయండి, డెహ్రాడూన్ సంగతి మాట్లాడుకుందాం.